వేలి ఆక్సీమీటర్: మెషీన్ మంచిదే, పెట్టె మీద ఒక లైను తక్కువ

ముందే చెప్పేస్తున్నాను, అయిదుకి మూడున్నర స్టార్లు. పనిచెయ్యక కాదు, బాగానే పనిచేస్తుంది. కానీ ఎవరి వేలి మీద ఎంత బాగా పనిచేస్తుందో పెట్టె మీద ఎక్కడా రాయలేదు. అందుకు ఒక స్టారు కోశాను. ఇంకో అర స్టారు అంకెలు చూపించే పద్ధతికి. ఇంత చిన్న వస్తువుకి ఇంత పొడుగు రివ్యూ ఎందుకని విసుక్కునేవాళ్లు ఇక్కడితో ఆపేసి కొనుక్కోవచ్చు. ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్న మనిషి ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. ఆ మనిషి చర్మం ముదురు రంగుదైతే మరీను.

నేను ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయనకి సీఓపీడీ, అంటే ఊపిరి సరిగ్గా ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు. అందుకని రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఈ ఆక్సీమీటర్ ఎప్పుడూ మంచం పక్కనే, కళ్లజోడుతో పాటు ఉంటుంది. పాతదాని స్ప్రింగు వదులైపోతే ఇది తీసుకున్నాం. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే లోపం దాని ఒక్కదానిదే అయితే రాసేదాన్నేమో. షాపులో దాని పక్కన పేర్చిన డబ్బాలన్నీ తిప్పి తిప్పి చూశాను. ఒక్కదాని మీద కూడా ఆ సంగతి లేదు.

ముందు వస్తువు సంగతి. ట్రిపుల్ ఏ బ్యాటరీలు రెండు పడతాయి. మూత తియ్యాలంటే గోరు విరిగేలా ఉంది. లోపలి రబ్బరు మెత్తగా ఉంది, స్పిరిట్‌తో తుడిచినా చెక్కుచెదరలేదు. వేలు పెట్టిన కాసేపటికి అంకె కుదురుకుంటుంది. చేతులు చల్లబడి ఉంటే గీతలు చూపిస్తుందే తప్ప ఏదో ఒక అంకె చెప్పేసి ఊరుకోదు. ఇది నాకు నచ్చింది, పాతదానికి ఆ నిజాయితీ లేదు. నాడి అల కూడా స్క్రీన్ మీద కనిపిస్తుంది. మీరు ఏ కంపెనీది కొన్నా అల చూపించే మోడలే తీసుకోండి. అల నిండుగా, ఒకే తీరుగా వస్తుంటేనే పక్కనున్న అంకెని నమ్మాలి. తెగి తెగి వస్తుంటే వేలు మార్చి చూడాలి, లేదా చెయ్యి రుద్ది వెచ్చబెట్టాలి. నెయిల్ పాలిష్ ఉంటే తీసెయ్యాలి. పెట్టినంతసేపూ చెయ్యి కదలకూడదు. ఇవన్నీ కాయితంలో ఉన్నాయి, కాకపోతే చదవడానికి భూతద్దం కావాలి.

బీప్ దగ్గర నాకు కాస్త నిరాశే. థియేటర్‌లో మానిటర్ బీప్‌కి ఒక గుణం ఉంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని శ్రుతి దిగుతుంది. తల తిప్పి చూడక్కర్లేదు, చేతిలో పని ఆపక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది. మాటల మధ్యలో ఉన్న గది మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది ఆ శ్రుతి దిగినప్పుడే. ఈ క్లిప్పు 98కీ 84కీ ఒకటే బీప్ కొడుతుంది. హద్దు దాటితే మోగే అలారం ఉందిలెండి. దాన్ని సెట్ చెయ్యడానికి ఉన్నది ఒకే బటన్. దాన్ని ఎంతసేపు నొక్కిపట్టాలో మళ్లీ ఆ భూతద్దం కాయితమే చెప్పాలి.

అంకెల సంగతికొస్తే, ఇది ఇంకా ముఖ్యం. స్క్రీన్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఆక్సిజన్ శాతం, రెండోది నాడి. ఈ మోడల్లో రెండూ ఒకే సైజు, ఒకే రంగు. ఏది ఏదో చెప్పే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, అవీ ఇంగ్లీషులోనే. ఒకరోజు నేను లేనప్పుడు మా ఆడపడుచు వాళ్లన్నయ్య వేలికి పెట్టి చూసింది. "వదినా, 98 ఉంది, బానే ఉన్నాడు, నువ్వేం కంగారు పడకు" అని ఫోన్ చేసింది. వచ్చి చూస్తే 98 నాడి. ఆక్సిజన్ 86. ఆవిడ తప్పేం లేదు. ఆక్సిజన్ పడిపోతుంటే గుండె వేగం పెంచుతుంది, అంటే మనిషి పరిస్థితి దిగజారేకొద్దీ రెండో అంకె నూటికి దగ్గరవుతూ పోతుంది. తారుమారుగా చదివినవాళ్లకి సరిగ్గా అప్పుడే ధైర్యం వస్తుంది. చదువుకున్న మనిషికే ఇలా అయితే, ఇంగ్లీషు అక్షరం రానివాళ్లకి ఈ క్లిప్పు ఇచ్చి పంపేసి, మీ చేతికి మెషీన్ అందిందిగా అంటే సరిపోతుందా? ఆక్సిజన్ అంకెని రెండింతలు పెద్దదిగా వేసి, నాడి పక్కన చిన్న గుండె బొమ్మ పెడితే చాలు. దానికి పెద్ద ఖర్చు కూడా అవదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మెషీన్ లేని రోజుల్లో పనిచేసినదాన్ని కాబట్టి ముందు దాని గొప్పతనమే చెప్పాలి.

ఆక్సీమీటర్ రాకముందు మత్తులో ఉన్న మనిషికి ఆక్సిజన్ అందుతోందా లేదా అన్నది మా కళ్లే చెప్పాలి. గుడ్డ ఎత్తి పెదాలు చూసేవాళ్లం, గోళ్లు చూసేవాళ్లం. సర్జన్ "రక్తం నల్లగా వస్తోంది" అనేవారు. అప్పటికే ఆలస్యమయ్యేది. 1947లోనే కొమ్రో, బొటెల్హో అనే ఇద్దరు అమెరికాలో దీన్ని పరీక్షించి చూశారు. ఆక్సిజన్ 80 శాతం దగ్గరికి దిగేదాకా చూసేవాళ్లలో చాలామందికి నీలం రంగు కచ్చితంగా పట్టుబడలేదు. ముదురు రంగు చర్మమైతే ఇంకా కష్టం. పెదవి లోపలి వైపు, నాలుక, కనురెప్ప లోపల వెతకాలి. రక్తహీనత ఉన్నవాళ్ల సంగతి మరీ ఘోరం. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ సుమారు అయిదు గ్రాములు చేరితేగానీ చర్మం నీలంగా కనపడదు. ఆ వంద మిల్లీలీటర్లలో ఉన్న హిమోగ్లోబిన్ మొత్తమే ఆరేడు గ్రాములైతే ఇక నీలంగా మారేదెప్పుడు? సరైన తిండి లేక, వరస కాన్పులతో రక్తం తగ్గిన ఆడవాళ్లే సిజేరియన్ టేబుల్ మీదికి వచ్చేవాళ్లు. హెచ్చరిక ఎవరికి అందరికన్నా ముందు అందాలో వాళ్లకే అందేది కాదు.

అలాంటి చోటికి ఈ మెషీన్ వచ్చింది. జపాన్‌లో నిహాన్ కోడెన్ అనే కంపెనీ ఇంజనీరు తకువో అవోయాగి 1974లో దీని సూత్రం పట్టుకున్నాడు. ఆయన వెతుకుతున్నది వేరే. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి మీద వెలుగు వేసి, గుండె ఎంత రక్తం తోస్తోందో కొలవాలనుకున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత వణికిపోయేది. ఆ వణుకుని తీసెయ్యబోయి, ధమనిలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది ఆ వణుకే అని గమనించాడు. రెండు వెలుగులు, ఒకటి ఎరుపు, ఒకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ ఉన్న రక్తం ఎరుపుని ఎక్కువగా పోనిస్తుంది, లేని రక్తం మింగేస్తుంది. నాడితో పాటు మారే భాగాన్ని మాత్రమే తీసుకుని రెండు వెలుగుల్ని పోల్చి లెక్కకడుతుంది. చర్మం, ఎముక, గోరు మారవు కాబట్టి అవి లెక్కలోంచి తప్పుకుంటాయి అన్నది సిద్ధాంతం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. అవోయాగి 2020 ఏప్రిల్లో పోయారు, సరిగ్గా ప్రపంచమంతా ఆక్సీమీటర్ల కోసం ఎగబడుతున్న రోజుల్లో.

డబ్బున్న దేశాల థియేటర్లలోకి ఇది 1980లలోనే వచ్చేసింది. మిగతావాళ్ల వంతు రావడానికి చాలా కాలం పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీకి ఒక చెక్‌లిస్టు తెచ్చింది. అందులో 19 అంశాలు. "ఆక్సీమీటర్ రోగికి పెట్టారా, పనిచేస్తోందా" అన్నది ఒకటి. తక్కిన పద్దెనిమిదీ దాదాపు మాటలతో అయ్యే పనులే: పేరు అడగడం, ఏ వైపు కొయ్యాలో చెప్పుకోవడం, దూది లెక్కపెట్టడం. సీటెల్, టొరంటో, లండన్, ఆక్లండ్, అమ్మాన్, ఢిల్లీ, మనీలా, టాంజానియాలోని ఇఫకారా, ఇలా ఎనిమిది చోట్ల పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, చిక్కులు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఆ ఫలితం మొత్తం ఆక్సీమీటర్ ఖాతాలో వెయ్యను, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వల్ల వచ్చిందే ఎక్కువేమో. అయితే ఆ లిస్టులో కొనాల్సి వచ్చే వస్తువు ఏదైనా ఉందంటే ముందు ఇదే. దాంతో లెక్కలు తీశారు. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ఆక్సీమీటర్ లేని థియేటర్లు ప్రపంచంలో సుమారు 77,700. చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. అన్ని గదుల్లో అప్పటికీ గుడ్డ ఎత్తి పెదాలు చూస్తున్నారన్నమాట.

మరుసటి ఏడాది, 2011లో, లైఫ్‌బాక్స్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. మత్తు డాక్టర్ల సంఘాలు, బోస్టన్‌లో ఆ చెక్‌లిస్టు మీద పనిచేసినవాళ్లు కలిసి పెట్టింది. కరెంటు పోయినా నడిచే, కిందపడినా తట్టుకునే ఆక్సీమీటర్‌ని తక్కువ ఖర్చులో తయారు చేయించి వందకు పైగా దేశాలకు పంపారు. నాకు నచ్చింది ఏమిటంటే పెట్టె పంపి చేతులు దులుపుకోలేదు, అంకె పడిపోతే ఏం చెయ్యాలో శిక్షణ కూడా ఇచ్చారు. దానంగా వచ్చిన మెషీన్ల గతి ఏమవుతుందో నర్సులకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ప్లగ్గు సరిపోదు, వేలికి తగిలించే ప్రోబ్ పోతే దొరకదు, చివరికి దాని మీద ఫైళ్లు పేరుస్తారు.

అంకె తెలిసినంత మాత్రాన సరిపోదు, ఎక్కించడానికి ఆక్సిజన్ ఉండాలి. పాపువా న్యూ గినీలో అయిదు ఆస్పత్రుల్లో ఆక్సీమీటర్లు, గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్లు రెండూ కలిపి పెట్టి చూశారు. 11,000 మందికి పైగా పిల్లల లెక్కలు. న్యుమోనియాతో చేరిన పిల్లల్లో మరణాలు 4.97 శాతం నుంచి 3.22 శాతానికి దిగాయి. 2008లో వచ్చిన ఫలితం ఇది. కొత్త మందు లేదు, సూది లేదు. ఏ బిడ్డకి ఆక్సిజన్ కావాలో తెలియడం, కావాల్సినప్పుడు అది అక్కడ ఉండడం, అంతే. ఇంత తెలిశాక కూడా ఆక్సిజన్ తగ్గినవాళ్లకి ఇచ్చే మందుగా ఆక్సిజన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది 2017లో. అంతకుముందు మత్తు ఇవ్వడానికి మాత్రమే ఆ జాబితాలో ఉండేది. 2023లో ప్రపంచ ఆరోగ్య సభలో మెడికల్ ఆక్సిజన్ మీద తీర్మానం కూడా చేశారు. 2025లో లాన్సెట్ కమిషన్ లెక్క చూస్తే, పేద, మధ్యాదాయ దేశాల సాధారణ ఆస్పత్రుల్లో ఆక్సిజన్ ఉన్నవి 58 శాతం, ఆక్సీమీటర్ ఉన్నవి 54 శాతం. కోవిడ్ వచ్చి వెళ్లాక కూడా!

ఇంటి బల్ల మీద ఉన్న నా క్లిప్పుకీ వీటన్నిటికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. చవకగా, అందరికీ అందేలా చెయ్యడం వరకు చాలామంది కష్టపడ్డారు, కొంత సాధించారు కూడా. అందిన వస్తువు అందరి వేలి మీదా ఒకేలా పనిచేస్తుందా అన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్లు మూలన పడి ఉంది.

చర్మం లెక్కలోంచి తప్పుకుంటుందని పైన చెప్పాను కదా. పూర్తిగా తప్పుకోదు. ముదురు రంగు చర్మం మీద, ముఖ్యంగా ఆక్సిజన్ తక్కువగా ఉన్నప్పుడు, మెషీన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. ఇది కొత్త వార్త కాదు. 1990లోనే ఐసీయూ రోగుల మీద ఒక అధ్యయనం చెప్పింది. 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్ మళ్లీ కొలిచి చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు తమ దగ్గర పడి ఉన్న రికార్డులు తీశారు. క్లిప్పు 92 నుంచి 96 మధ్య చూపించినప్పుడు, అదే సమయంలో ధమని నుంచి తీసిన రక్తంలో నిజంగా ఎంతుందో పోల్చారు. రక్తంలో 88 కన్నా తక్కువ ఉండి, క్లిప్పు మాత్రం బాగానే ఉందని చెప్పిన సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతి వాళ్లలో 11.7 శాతం. దాదాపు మూడింతలు. అది కోవిడ్ కాలం. ఫలానా అంకె కన్నా తగ్గితేనే చేర్చుకుంటాం, ఫలానా అంకె కన్నా తగ్గితేనే ఫలానా మందు ఇస్తాం అని ఆస్పత్రులన్నీ ఈ మెషీన్ చెప్పిన మాట మీద నడుస్తున్న రోజులు. 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం, ఈ తేడా వల్ల మందుకి అర్హత ఉన్నట్టు గుర్తించడమే ఆలస్యమైందని చూపించింది.

ఎందుకిలా అంటే, మెషీన్‌కి నేర్పేటప్పుడు ఎవరి వేళ్లు వాడారన్నది చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లని కూర్చోబెట్టి, వాళ్లు పీల్చే గాలిలో ఆక్సిజన్ మెల్లగా తగ్గించి, రక్తం తీసి కొలుస్తూ, ఆ అంకెలకి మెషీన్ అంకెల్ని జత చేస్తారు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన మార్గదర్శకం ప్రకారం కనీసం పదిమంది మీద చూడాలి. అందులో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం, ఏది ఎక్కువైతే అది. ఈ వస్తువు అమ్ముడుపోయే ప్రపంచం మొత్తాన్ని తలుచుకుని ఆ "కనీసం ఇద్దరు" అన్న మాటని ఇంకోసారి చదవండి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా ఆయన ఊపిరాడక ఆస్పత్రిలో చేరినప్పుడు క్లిప్పు 93 చూపించింది. ఆ పక్కనే ధమని రక్తం తీసి చూస్తే 89. ఆయనది బాగా నల్లటి చర్మం. డ్యూటీ డాక్టరు "చేతులు చల్లగా ఉన్నాయమ్మా, దానివల్ల కూడా కావచ్చు" అన్నాడు. కావచ్చు, ఒక్క రీడింగుతో ఏదీ తేలదు. ఆ రోజు రక్తం తియ్యకపోయి ఉంటే మాత్రం "93 కదా, ఇంటికి వెళ్లండి" అనే ప్రమాదం ఉందన్నది నా బాధ. ఎఫ్‌డీఏనే 2021 ఫిబ్రవరిలో చెప్పింది, క్లిప్పు 90 చూపిస్తే రక్తంలో 86 నుంచి 94 మధ్య ఎంతైనా ఉండొచ్చని.

నేను కొన్న పెట్టెలోని కాయితం మీద "కచ్చితత్వం ±2%" అని ఉంది. 98 అంటే 96కీ 100కీ మధ్యే అని అర్థం చేసుకుంటాం అందరం. ఆ రెండు శాతం అన్నది మూడింట రెండు వంతుల రీడింగులకి వర్తించే లెక్క. మిగతా మూడో వంతు ఆ గీత బయట ఉండొచ్చు. ఆ మూడో వంతులో ఎవరి వేళ్లు ఎక్కువగా ఉంటాయో కాయితం చెప్పదు.

అందుకే కంపెనీకి మెయిల్ రాశాను. దీన్ని ఎంతమంది మీద పరీక్షించారు, వాళ్లలో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఎందరు అని రెండే రెండు ప్రశ్నలు. చాలా మర్యాదగా జవాబొచ్చింది. వేలు శుభ్రంగా తుడుచుకోవాలట, నెయిల్ పాలిష్ తీసెయ్యాలట, బ్యాటరీలు మార్చి చూడాలట. నా వయసుకి నెయిల్ పాలిష్ ఒకటి తక్కువైంది.

ఆరోగ్యంలో అసమానత అంటే ఏమిటని 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయానికి మార్గరెట్ వైట్‌హెడ్ అనే పరిశోధకురాలు ఒక పత్రం రాసింది. మనుషుల మధ్య తేడాలన్నీ అన్యాయం కావు, అవసరం లేనివి, తప్పించగలిగి ఉండీ తప్పించనివి, అవే అన్యాయం అని అందులో వివరించింది. బ్రిటన్ ప్రభుత్వం వైద్య పరికరాల్లో వివక్ష మీద స్వతంత్ర సమీక్ష వేస్తే దానికి అధ్యక్షత వహించింది కూడా ఆవిడే. 2024 మార్చిలో రిపోర్టు వచ్చింది. అందులో ఆక్సీమీటర్లకి ప్రత్యేకంగా చోటు పెట్టారు. వాడటం ఆపమని చెప్పలేదు, తయారీ ప్రమాణాలు మార్చమన్నారు. వాడేవాళ్లకి ఈ సంగతి తెలియజెయ్యమన్నారు. నా గొడవా అదే. ఈ తేడాని తప్పించవచ్చు. కనీసం పెట్టె మీద రాయవచ్చు. రాయలేదు.

కదలిక అసలు లేదని అనను. ఎఫ్‌డీఏ 2025 జనవరిలో కొత్త ముసాయిదా తెచ్చింది. పదిమంది బదులు 150 మంది లేదా అంతకన్నా ఎక్కువ. చర్మం రంగుని పది మెట్లుగా విడగొట్టిన మాంక్ స్కేలు వాడి, లేత, మధ్యస్థ, ముదురు రంగులన్నీ తగినంతగా ఉండేలా చూడాలంది. ముసాయిదానే గానీ దిశ సరైంది. అయితే అది వైద్యం కోసమని అమ్మే వాటికి. "కేవలం వెల్‌నెస్ కోసం" అని ఓ మూల రాసి అమ్మేసే క్లిప్పులు దీని కిందికి రావు. మీ పెట్టె మీద ఆ మాట ఉందేమో చూసుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలో నేను పైన చెప్పిన ల్యాబే మార్కెట్లో దొరికే క్లిప్పుల్ని తెచ్చి పరీక్షించి, ఫలితాలు ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతోంది. కొనేముందు మీ మోడల్ అందులో ఉందేమో వెతకండి. నాది లేదు.

ఇంత తిట్టాక కూడా మూడున్నర స్టార్లు ఎందుకిచ్చానంటే, దీన్ని ఎలా వాడాలో తెలిస్తే ఇది ఇప్పటికీ ప్రాణం కాపాడే వస్తువే. ఒక్క అంకెని కాదు, వరసని నమ్మండి. మనిషి కుదురుగా ఉన్న రోజుల్లో ఒకే వేలికి, ఒకే పూట, కూర్చున్నాక పెట్టి రాసుకోండి. అది మీ మనిషి మామూలు అంకె. దాని నుంచి మూడు నాలుగు పాయింట్లు దిగి అక్కడే ఉంటే, పెట్టె మీద "నార్మల్" అని ఎంత రాసి ఉన్నా డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఎప్పుడైనా ఆస్పత్రిలో ధమని రక్తం తీస్తే, అదే నిమిషంలో మీ క్లిప్పు కూడా పెట్టి తేడా ఎంతో రాసుకోండి. మేం అలా రాసుకున్నాం. ఇప్పుడు మా డాక్టరు మా క్లిప్పు 92 అంటే అందులోంచి కొంత తగ్గించే ఆలోచిస్తున్నారు. మనిషి ఆయాసపడుతుంటే, మాట పూర్తిచెయ్యలేకపోతుంటే, మత్తుగా ఉంటే, అంకె బాగున్నా సరే బయల్దేరండి. పొగలో చిక్కుకున్న మనిషి విషయంలో అయితే ఈ అంకెని అసలు పట్టించుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఇది ఆక్సిజన్ అనుకుని 98 చూపించేస్తుంది.

పసిపిల్లలకి ఇది వాడకండి. పెద్దవాళ్ల క్లిప్పు వాళ్ల వేలికి ఆనదు, వచ్చిన అంకెకి అర్థం ఉండదు. పిల్లల ప్రోబ్ వేరే ఉంటుంది. మెషీన్ లేకపోయినా పిల్లల ఊపిరి లెక్కపెట్టడం మీ చేతిలో పని: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు, పొట్ట ఎగసిపడటం చూస్తూ. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకి 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగమే. దగ్గు కూడా ఉంటే న్యుమోనియా అనుమానించాలి. పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఎన్నో దేశాల్లో ఈ లెక్కతోనే పిల్లల్ని ఆస్పత్రికి పంపుతున్నారు. ఒంట్లో ఏ జబ్బూ లేక, ఊరికే కాలక్షేపానికి చూసుకునేవాళ్లకి కూడా నేను దీన్ని సిఫారసు చెయ్యను. 97 నిన్న, 96 ఇవాళ అని టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంకొకటి. మా ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. పనిచేసిన చోట దుమ్ము, ముక్కుకి కట్టుకోవడానికి ఇచ్చింది ఒక పల్చటి గుడ్డ. ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లు అదే కంపెనీలో అన్నేళ్లూ చేసి ఇవాళ మెట్లెక్కుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మేలో వేసిన రిపోర్టులో, ఆయుర్దాయం బాగా ఎక్కువున్న దేశానికీ బాగా తక్కువున్న దేశానికీ మధ్య తేడా 33 ఏళ్లు అని ఉంది. పుట్టిన చోటు, చేసే పని, ఉండే ఇల్లు, చదువు, వీటి ప్రభావం ఆస్పత్రి చేసేదాని కన్నా ఎక్కువ అని కూడా. ఊపిరితిత్తులు పాడయ్యాక ఎంత పాడయ్యాయో చెప్పే మెషీన్ మీద ఆ భారం మొయ్యమని నేను అడగను. ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను, అందరికీ ఒకేలా.

బ్యాటరీ మూత సంగతి పైన చెప్పాను కదా, దానికి నాణెం అంచు వాడితే సులువుగా వస్తోంది. పెట్టెలో ఇచ్చిన మెడతాడు నాసిరకం, మార్చుకోండి. కంపెనీకి రెండో మెయిల్ పెట్టాను, ఈసారి నెయిల్ పాలిష్ లేదని మొదటి లైన్లోనే రాసి. జవాబులో సంఖ్య ఏదైనా ఉంటే ఈ రివ్యూ కిందే కలుపుతాను, ఆ కోసిన స్టారు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.